ఆఖరి మెట్రో వెళ్లిపోయాక

సియోల్‌లో మెట్రో అర్ధరాత్రి దాటిన కాసేపటికి ఆగిపోతుంది. మళ్లీ తెల్లవారి ఐదున్నర ప్రాంతంలో గానీ మొదటి రైలు రాదు. మధ్యలో ఉన్న ఆ నాలుగైదు గంటల మీద కొరియా వాళ్లు తీసినన్ని ప్రేమకథలు ఇంకెవరూ తీసి ఉండరని నా నమ్మకం. ఉద్యోగం మీద, చదువు మీద, పెద్దవాళ్ల మాటల మీద ఆశ చచ్చిపోయిన పాతికేళ్ల పిల్లలు బార్లలో, క్లబ్బుల్లో, రోడ్డు పక్క టెంటు కొట్లలో, ఇరవై నాలుగ్గంటల షాపుల ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని తోడు వెతుక్కునే కథలు. అక్కడ చదువుకున్న రెండేళ్లూ నేను వాటిని వదలకుండా చూశాను. చూడటమే కాదు, అలాంటి పిల్లల మధ్యే బతికాను.

నేను బీటెక్ చేసింది గుంటూరు దగ్గర ఒక కాలేజీలో. అమ్మాయిల హాస్టల్ గేటుకి సాయంత్రం ఆరున్నరకల్లా తాళం పడేది. అబ్బాయిల హాస్టల్‌కి తాళమే లేదు. పరీక్షలైపోయిన రోజు వాళ్లు బైకుల మీద సెకండ్ షోకి వెళ్తుంటే మేం మూడో అంతస్తు వరండాలో నిలబడి చూసేవాళ్లం. రాత్రంటే నాకు తెలిసింది ట్యూబ్‌లైటు, దోమలు, వార్డెన్ మేడమ్ హాజరు పుస్తకం, అంతే. 2017 ఫిబ్రవరిలో మాస్టర్స్ కోసం సియోల్ వెళ్లాక, హోంగ్‌దే వీధుల్లో అర్ధరాత్రి ఒంటిగంటకి జనం కిటకిటలాడుతుంటే, నా వయసు ఆడపిల్లలు ఒంటరిగా నూడుల్స్ తింటూ ఫోన్ చూసుకుంటుంటే, కాసేపు అలా నిలబడిపోయాను. ఇన్నాళ్లూ ఇదంతా నాకు దక్కకుండా ఎవరు చేశారన్న కోపం కూడా వచ్చింది.

ఖర్చు తగ్గుతుందని కొన్నాళ్లకి మాంగ్వన్‌లో ఒక మేడ మీది గదికి మారాను. అక్కడ ఇంకో అమ్మాయి అప్పటికే ఉంది. నాకంటే మూడేళ్లు పెద్దది కాబట్టి వాళ్ల పద్ధతిలో ‘ఒన్నీ’ (అక్క) అని పిలిచేదాన్ని. దక్షిణాన మోక్పో నుంచి వచ్చింది. పగలు ఒక చిన్న ఆఫీసులో కాంట్రాక్టు పని, శని ఆదివారాలు రాత్రంతా షాపు కౌంటర్లో. 2018లో అక్కడ కనీస వేతనం గంటకి 7,530 వోన్లు. ఆ డబ్బుతో అద్దె, ఫోను, చదువు అప్పు పోగా మిగిలేది ఎంతని! మా గదిలో ఎండాకాలం పైకప్పు కాలేది. చలికాలం కుళాయి పైపు గడ్డకట్టకుండా రాత్రంతా సన్నగా నీళ్లు వదిలి పడుకునేవాళ్లం.

ఒన్నీకి ఒక అబ్బాయి ఉండేవాడు. సియోల్ పక్క ఊరు ఇంచియాన్‌లో అమ్మానాన్నల దగ్గర ఉండేవాడు. ఇద్దరికీ పని అయ్యేసరికి రాత్రి తొమ్మిది. పదకొండు దాటిందంటే టెన్షన్ మొదలు, ఇంచియాన్ వైపు ఆఖరి రైలు పోతుందని. వెళ్లకపోతే ఎక్కడుంటాడు? గదిలో నేనుంటాను. హోటల్‌కి డబ్బుల్లేవు. అందుకని ఉండిపోయిన రాత్రుల్లో ఇద్దరూ ఏ వేడి సూపు కొట్టులోనో కూర్చుని, షాపు బయట కప్పు రామెన్ తిని, హాన్ నది ఒడ్డున పార్కులో నడిచి, మొదటి రైలు టైముకి స్టేషన్‌కి వెళ్లేవాళ్లు. కొన్నిసార్లు నన్నూ లాక్కెళ్లేవాళ్లు. ఇద్దరూ ముందు నడుస్తుంటే నేను చేతిలో వేడి కాఫీ క్యాన్ పట్టుకుని వెనక నడిచేదాన్ని. వాళ్లు మాట్లాడుకునేవి ప్రేమ మాటలు కానే కావు. ఎవరి మేనేజర్ ఏమన్నాడు, కాంట్రాక్టు పొడిగిస్తారా లేదా, ఇవే. కానీ ఆ అబ్బాయి వెళ్లే రైలు కనిపించినంతసేపూ ఒన్నీ ప్లాట్‌ఫామ్ మీదే నిలబడేది.

ఆ అబ్బాయి ఊరు చూపిస్తానని ఒన్నీ నాకు పెట్టిన సినిమా ‘టేక్ కేర్ ఆఫ్ మై క్యాట్’. 2001లో జియోంగ్ జే-ఉన్ అనే డైరెక్టర్ తీసింది. ఇంచియాన్‌లో స్కూలు అయిపోయిన ఐదుగురు అమ్మాయిలు. ఒకమ్మాయికి సియోల్‌లో షేర్ల కంపెనీలో ఉద్యోగం, అక్కడ టీలు, ఫోటోకాపీలు తప్ప ఏ పనీ ఇవ్వరు. ఒకమ్మాయి ఇంటి పైకప్పు కూలడానికి సిద్ధంగా ఉంటుంది, నిజంగానే కూలుతుంది. వాళ్లు పంపుకునే మెసేజులు తెర మీద, బస్సు కిటికీల మీద అక్షరాలుగా కనిపిస్తాయి. ఐదుగురూ కలుసుకోవడానికే సియోల్‌కి అంత దూరం రావాలి, మళ్లీ రాత్రికి అంత దూరం పోవాలి. స్నేహం తెగిపోవడానికి పెద్ద ద్రోహాలేం అక్కర్లేదు, దూరం చాలు. ఆ ఏడాదే వచ్చిన ‘మై సాసీ గర్ల్’ కూడా రాత్రిపూట స్టేషన్లో తాగి తూలుతున్న అమ్మాయితోనే మొదలవుతుంది. అది దేశమంతా ఆడింది. ఈ ఐదుగురి సినిమా మాత్రం తొందరగా థియేటర్ల నుంచి వెళ్లిపోతుంటే, ఇంచియాన్ జనమే పూనుకుని దాన్ని మళ్లీ ఆడించాలని ఉద్యమం నడిపారు. ఒక ఊరు తన పిల్లల సినిమా కోసం నిలబడటం నాకు ఎంతో నచ్చిన సంగతి.

మాంగ్వన్ నుంచి మెట్రో ఆరో లైన్లో మూడో స్టేషన్లోనే కొరియన్ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ల థియేటర్ ఉంటుంది, సాంగామ్‌లో. టికెట్ లేదు, ఉచితం. ఖాళీ దొరికితే మేం అక్కడే. ‘ది మార్చ్ ఆఫ్ ఫూల్స్’ చూసింది అక్కడే. 1975 నాటి సినిమా, డైరెక్టర్ హా గిల్-జోంగ్. అమెరికాలో యూసీఎల్‌ఏలో సినిమా చదువుకుని వచ్చినవాడు, 1979లో నలభై నిండకుండానే పోయాడు. నాకు ఆ సినిమా మీద ఉన్న ప్రేమ ఇంకే కొరియన్ సినిమా మీదా లేదు.

కథేం పెద్దది కాదు. బ్యోంగ్‌తే, యంగ్‌చోల్ అని ఇద్దరు ఫిలాసఫీ విద్యార్థులు. గ్రూపు డేటింగులకి వెళ్తారు, బీరు పందేలు వేస్తారు, అమ్మాయిల వెంట తిరుగుతారు. బ్యోంగ్‌తేకి యంగ్‌జా పరిచయమవుతుంది. బయట పార్క్ చుంగ్-హీ సైనిక పాలన. పొడుగు జుట్టు ఉన్నందుకు పోలీసులు కుర్రాళ్లని వీధుల్లో తరిమే సీన్ ఉంటుంది, దాని మీద సాంగ్ చాంగ్-సిక్ హుషారైన పాట. హాల్లో అందరూ నవ్వారు. ఆ పాటని తర్వాత నిషేధించారని ఒన్నీ నా చెవిలో చెప్పింది. ఆ రోజుల్లో అర్ధరాత్రి పన్నెండు నుంచి తెల్లవారి నాలుగు వరకు దేశంలో దాదాపు అంతటా కర్ఫ్యూ. 1945లో పెట్టింది, 1982 జనవరి 5న గానీ ఎత్తేయలేదు. ఏడాదిలో క్రిస్మస్ ముందు రాత్రి, డిసెంబర్ 31 రాత్రి మాత్రం సడలించేవాళ్లు. కొరియాలో క్రిస్మస్ ఈవ్ అంటే ఇప్పటికీ చర్చి కంటే ఎక్కువగా జంటల పండగ ఎందుకయిందో నాకు అప్పుడు అర్థమైంది. రెండు తరాల ప్రేమికులకి ఇంటికి పరిగెత్తక్కర్లేని రాత్రులు ఏడాదికి అవే కదా.

యంగ్‌చోల్ సముద్రంలో తిమింగలాన్ని పట్టుకుంటానని కలలు కంటూ, చివరికి సైకిల్‌తో సహా కొండ మీది నుంచి సముద్రంలోకి దూకేస్తాడు. బ్యోంగ్‌తే గుండు చేయించుకుని మిలిటరీకి బయల్దేరతాడు. రైలు కదలబోతుంటే యంగ్‌జా ప్లాట్‌ఫామ్ మీద పరిగెత్తుకొస్తుంది. అతను కిటికీలోంచి తల బయట పెడతాడు. ఆమెకి అందదు. పక్కనే కాపలా ఉన్న మిలిటరీ పోలీసు వచ్చి ఆమెని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంటాడు, ముద్దు పెట్టుకునే దాకా. సినిమా అంతా పిల్లల్ని తరిమిన యూనిఫామే చివర్లో ఒక్క నిమిషం వాళ్ల ప్రేమని ఎత్తి పట్టుకుంది. సెన్సారు కత్తెరలన్నీ దాటుకుని ఈ సీన్ బతికినందుకు నాకు ఇప్పటికీ ఆనందంగా ఉంటుంది.

ఆ రోజు ఇంటికి నడుస్తూ ఒన్నీ అంది, “వాళ్లకి కర్ఫ్యూ సైరన్, మాకు ఆఖరి రైలు.” అప్పటి నుంచి ఈ సినిమాలన్నీ నాకు అదే వరసలో కనిపించడం మొదలైంది. పగలు వీళ్లది కాదు. ఒకప్పుడు మిలిటరీది, తర్వాత ఆఫీసుది, అప్పుల వాళ్లది. రాత్రి మిగిలింది కాబట్టి రాత్రిలోకి వస్తారు. తాగడానికో తైతక్కలకో వస్తారని బయటివాళ్లు అనుకుంటారు. మన సినిమాల్లో పబ్బు సీన్ అంటే ఒక పాట, లేకపోతే అమ్మాయి దారి తప్పిందని చెప్పే గుర్తు. ఈ సినిమాల్లో పిల్లలు రాత్రిలోకి వచ్చేది ఎవరైనా ఒకరు తెల్లారేదాకా పక్కన ఉంటారేమో అని.

1997లో వచ్చిన ‘గ్రీన్ ఫిష్’లో మిలిటరీ నుంచి తిరిగొచ్చిన కుర్రాడు నైట్‌క్లబ్ గాయని కోసం గూండాల్లో చేరతాడు. అదే ఏడాది ‘బీట్’లో హీరో జంగ్ వూ-సంగ్ రాత్రి రోడ్డు మీద బైకు హ్యాండిల్ వదిలేసి రెండు చేతులూ చాస్తాడు. ఆ నవంబర్లోనే దేశం అప్పు కోసం ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) ముందు చేయి చాచింది. కంపెనీలు మూతపడటం, తండ్రులు ఉద్యోగాలు పోగొట్టుకోవడం తర్వాత చూశారు, సినిమాల్లో కుర్రాళ్ల ముఖాల్లో ముందే కనిపించింది. హాంగ్ సాంగ్-సూ సినిమాల్లో కూడా రాత్రులు, సోజు (కొరియా సారా) సీసాలు బోలెడు ఉంటాయి గానీ, అవి ఎక్కువగా ప్రొఫెసర్ల, డైరెక్టర్ల రాత్రులు. వాళ్లకి ఇంటికి వెళ్లడానికి ట్యాక్సీ డబ్బులుంటాయి. వాళ్ల మీద నాకు జాలి కలగదు.

2018 వసంతంలో రెండు సినిమాలు వెంటవెంటనే వచ్చాయి. మార్చిలో ‘మైక్రోహాబిటాట్’, మేలో ‘బర్నింగ్’. అప్పటికి పత్రికలు అక్కడి యువతని ప్రేమ, పెళ్లి, పిల్లలు మూడూ వదులుకున్న తరం అని రాయడం మొదలై కొన్నేళ్లయింది.

‘మైక్రోహాబిటాట్’ జియాన్ గో-వున్ అనే ఆవిడ తొలి సినిమా. ఈసోమ్ నటించిన మీసో ఇళ్లల్లో పాచి పని చేస్తుంది. ఆమెకి కావలసినవి మూడు: సిగరెట్లు, రాత్రికి ఒక గ్లాసు విస్కీ, ప్రేమించిన హన్సోల్. కొత్త సంవత్సరం రాగానే సిగరెట్ ధర పెరుగుతుంది, గది అద్దె పెరుగుతుంది. (నిజంగానే 2015 జనవరి 1న అక్కడ సిగరెట్ పెట్టె 2,500 వోన్ల నుంచి 4,500 వోన్లకి పెరిగింది.) మీసో లెక్క వేసుకుని అద్దె గది వదిలేస్తుంది. సూట్‌కేసు పట్టుకుని పాత స్నేహితుల ఇళ్లకి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్తుంది. బార్లో ఆమె ఒంటరిగా గ్లాసు పట్టుకుని కూర్చున్నంత మర్యాదగా నేను ఏ సినిమాలోనూ ఎవర్నీ చూడలేదు.

అందులో ఒక సీన్. గడ్డకట్టే చలిలో మీసో గదిలో ఇద్దరూ దగ్గరవ్వాలనుకుంటారు. కోటు తీస్తారు, స్వెటర్ తీస్తారు, ఇంకో స్వెటర్, లోపల ఇంకోటి. తీసేకొద్దీ వణుకు. చివరికి ఇక వల్లకాక, వసంతం వచ్చాక చూద్దాంలే అనుకుని మళ్లీ ఒక్కొక్కటీ తొడుక్కుంటారు. హాల్లో అందరూ నవ్వారు. ఒన్నీ నవ్వలేదు. ఆమె చేతికి గది కుళాయి సంగతి తెలుసు.

తర్వాత హన్సోల్, అప్పులు తీర్చి గది తీసుకోవచ్చని, కంపెనీ తరఫున సౌదీ వెళ్తానంటాడు. మీసో అతని మీద అరుస్తుంది. ఆ సీన్ దగ్గర నాకు సినిమా ఆగిపోయి మా రాయచోటి కళ్ల ముందుకొచ్చింది. మా పెదనాన్న కువైట్‌లో డ్రైవరు. నా చిన్నప్పుడు పెద్దమ్మ ఆయన మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు మధ్యాహ్నం వంటింట్లో టేప్‌రికార్డర్‌లో పెట్టుకుని వినేది, పిల్లలం వస్తే ఆపేసేది. కొరియా వాళ్లు కూడా డెబ్బైలు, ఎనభైల్లో వేలకొద్దీ గల్ఫ్‌లో రోడ్లూ భవనాలూ కట్టడానికి వెళ్లినవాళ్లే. ఒన్నీకి మా పెద్దమ్మ క్యాసెట్ల గురించి చెబితే, “మా ఊళ్లోనూ ఒక ముసలాయన ఉన్నాడు, సౌదీ నుంచి వచ్చాక భార్యతో ఏం మాట్లాడాలో ఆయనకి తెలియలేదట” అంది.

‘బర్నింగ్’ చాలామందికి తెలిసిందే, లీ చాంగ్-డాంగ్ తీసింది, కాన్‌లో విమర్శకుల బహుమతి వచ్చింది. జోంగ్‌సు అనే కుర్రాడు, అతను ప్రేమించే హేమీ, ఆమెతో తిరిగే బెన్. హేమీ షాపుల ముందు డాన్సు చేస్తూ ప్రచారం చేసే అమ్మాయి. ఆమె గదిలోకి నేరుగా ఎండ రాదు. నామ్‌సాన్ టవర్ అద్దం మీద పడి రోజుకి ఒక్కసారి గోడ మీద కాస్త వెలుతురు పడుతుంది. పక్క మీద జోంగ్‌సు ఆ వెలుతురునే చూస్తుంటాడు. బెన్ డబ్బున్నవాడు, గంగ్‌నామ్ వాడు. అతని స్నేహితుల మధ్య హేమీ ఆఫ్రికాలో చూసిన ఆకలి నృత్యం చేసి చూపిస్తుంటే, అందరూ ముసిముసిగా నవ్వుతుంటే, బెన్ ఆవలిస్తాడు. ఒక చిన్న ఆవలింత. దాన్ని జోంగ్‌సు చూస్తాడు.

తర్వాత హేమీ మాయమైపోతుంది కాబట్టి, ఈ సినిమా గురించి రాసేవాళ్లంతా బెన్ హంతకుడా కాదా అనే అడుగుతారు. నాకు అంతకంటే పెద్ద సీన్ సాయంత్రం పాజులో, జోంగ్‌సు ఇంటి దగ్గర, హేమీ మైల్స్ డేవిస్ ట్రంపెట్‌కి చొక్కా విప్పి, ఆకాశానికి చేతులెత్తి నాట్యం చేసి, ఏడ్చి, పడుకున్నాక వస్తుంది. కారెక్కబోతుంటే జోంగ్‌సు ఆమెని అంటాడు, మగాళ్ల ముందు అంత తేలిగ్గా బట్టలు విప్పుతావేంటి, అలాంటివాళ్లే అలా చేస్తారు అని. ఆమె మారుమాట లేకుండా వెళ్లిపోతుంది. మళ్లీ కనపడదు. ప్రేమించినవాడి నోటి నుంచి ఆమె విన్న ఆఖరి మాట అది. ఆమెని బెన్ ఏం చేశాడో తర్వాత సంగతి, ముందు ఆ మాట చంపింది. ఆ రాత్రి థియేటర్ నుంచి వస్తూ ఒన్నీతో ఆవేశంగా ఈ మాటే అన్నాను. ఆ ఇంచియాన్ అబ్బాయి పక్కనే ఉన్నాడు. ఒన్నీ అతనికేసి చూస్తూ తలూపింది. పాపం, అతను ఏ నేరం చేయకుండానే తల దించుకున్నాడు.

ఆ చలికాలంలో వాళ్లిద్దరూ విడిపోయారు. గొడవేం లేదు. అతనికి దూరంగా ఉల్సాన్‌లో ఉద్యోగం వచ్చింది, ఒన్నీ సియోల్ వదల్లేకపోయింది. నేను 2019లో హైదరాబాద్ వచ్చేశాను.

2022 అక్టోబర్ 29 రాత్రి సియోల్‌లోని ఇటేవాన్‌లో, నాలుగు మీటర్ల వెడల్పు కూడా లేని వాలు సందులో హాలోవీన్ జనం ఒకరి మీద ఒకరు పడి 159 మంది చనిపోయారు. ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నవాళ్లే. సాయంత్రం ఆరున్నర నుంచే పోలీసులకి ఫోన్లు వెళ్లాయి. వార్త చూసి ఒన్నీకి మెసేజ్ పెట్టి, జవాబు వచ్చేదాకా నా చేతులు ఆడలేదు. తను క్షేమం. కానీ మర్నాటి నుంచి అక్కడ కొందరు అన్న మాటలు ఒన్నీ పంపింది: ఆటలకి పోయి చచ్చారు, అంత రాత్రి ఎందుకు వెళ్లారు. ఆ మాట నాకు ఏ భాషలో విన్నా గుర్తుపట్టే మాట. రక్షణ ఇవ్వాల్సినవాళ్లని వదిలేసి, బయటికొచ్చిన పిల్లల్ని అడిగే మాట. ఆ సందులో ఎంతమంది మొదటిసారి ఎవరి చెయ్యో పట్టుకుని నడిచి ఉంటారో.

కిందటేడు అదే ఇటేవాన్ క్లబ్బుల్లో మొదలయ్యే ‘లవ్ ఇన్ ది బిగ్ సిటీ’ చూడమని ఒన్నీ చంపుకుతింది. పార్క్ సాంగ్-యంగ్ నవల నుంచి తీసిన సినిమా, 2024లో వచ్చింది. కిమ్ గో-ఉన్ జేహీ. ఎవరేమనుకున్నా రాత్రుళ్లు తిరిగే అమ్మాయి. నో సాంగ్-హ్యున్ హుంగ్‌సు, గే అని ఎవరికీ చెప్పుకోలేని కుర్రాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, తాగుతారు, తిట్టుకుంటారు, ప్రేమలు పోగొట్టుకుని ఒకరి దగ్గరికి ఒకరు వస్తారు. చివర్లో జేహీ పెళ్లి. హుంగ్‌సు ఆమె కోసం పెళ్లి వేదిక మీద పాట పాడి డాన్సు చేస్తాడు.

నాకు నచ్చలేదు. అన్ని రాత్రులు అలా స్వేచ్ఛగా తిరిగిన పిల్లని చివరికి పెళ్లిచీర కట్టి నిలబెట్టేశారేంటని ఫోన్లో ఒన్నీ మీద విరుచుకుపడ్డాను. ఒన్నీ అంతా విని, “హేమీ గుర్తుందా? ఆ అమ్మాయి కనపడకపోతే కన్నతల్లి కూడా వెతకలేదు, కార్డు అప్పు తీరిస్తేనే ఇంటికి రమ్మంది. జేహీ రాత్రి ఇంటికి రాకపోతే అడిగేవాడు ఇంట్లో ఒకడున్నాడు. పెళ్లి సంగతి వదిలెయ్, నేను చూసింది వాణ్ని” అంది.

నేనింకా ఒప్పుకోలేదు. ఆదివారం తనకి సెలవట, మళ్లీ ఫోన్ చేస్తానంది. ఈసారి ఇద్దరం సినిమా పక్కన పెట్టుకుని, సీన్ సీన్‌కీ ఆపి వాదించుకుందామని.